వింటూనే చెప్పడం: ఏకకాల అనువాదంలో విద్యార్థి మనసు చేసే పని



ఒక ఉపాధ్యాయుడి స్మృతిలో ఏర్పాటైన ఉపన్యాసానికి విద్యార్థుల చదువు కంటే తగిన విషయం ఉండదు. అనువాద శాఖల్లో తరచూ వినిపించే ఒక సందేహమే ఈ ప్రసంగానికి ఆధారం. కాగితం మీద చక్కగా అనువదించే విద్యార్థి, హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకు ముందు కూర్చోగానే ఎందుకు తడబడతారు? రెండు భాషలూ అవే. తెలివీ అదే. తేడా ఎక్కడ వచ్చింది?

చాలామంది దీనికి వెంటనే ఒక జవాబు చెబుతారు: వింటూనే అనువదించే నేర్పు పుట్టుకతో రావాలని, అసాధారణమైన జ్ఞాపకశక్తి ఉన్నవారికే సాధ్యమని. ఈ జవాబు విద్యార్థిని నిరుత్సాహపరుస్తుంది, అధ్యాపకుడి బాధ్యతను తేలిక చేస్తుంది. పైగా అది నిజం కాదు. ఏకకాల అనువాదానికి కావలసింది ధ్యాసను పంచడం, దేన్ని పట్టుకోవాలో దేన్ని వదలాలో క్షణాల్లో తేల్చుకోవడం. అది సాధనతో వచ్చే విద్య, బడిలో నేర్పగలిగే విద్య.

తెలుగువారికి దుబాసీ కొత్త కాదు. కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణ దేశంలో శాసనాలు, స్థానిక చరిత్రలు సేకరిస్తున్న కాలంలో ఆయనకు దుబాసీగా, సహాయకుడిగా నిలిచినవారు కావలి వెంకట బొర్రయ్య. 1803లో చిన్న వయసులోనే ఆయన కన్నుమూశారు. ఇప్పటి ఎన్నికల సభల్లోనూ ఢిల్లీ నుంచి వచ్చిన నాయకుడు హిందీలో రెండు వాక్యాలు పలికి ఆగుతారు, పక్కన నిలబడ్డ స్థానిక నాయకుడు వాటిని తెలుగులో అందుకుంటారు. ఈ రెండు చోట్లా జరిగేది వంతుల అనువాదం. అసలు వక్త ఆగితేనే దుబాసీ నోరు విప్పుతారు. ఏకకాల అనువాదంలో వక్త ఎవరి కోసమూ ఆగరు.

ఈ పద్ధతి పెద్ద ఎత్తున పరీక్షకు నిలిచింది న్యూరెంబర్గ్‌లో. ఎడ్వర్డ్ ఫైలీన్, గోర్డన్ ఫిన్లే చొరవతో తయారైన ఏకకాల అనువాద పరికరాన్ని 1927లోనే జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సమావేశంలో వాడి చూశారు. కానీ 1945 నవంబరు 20న మొదలైన నాజీ నాయకుల విచారణకు దాని అవసరం ప్రాణవాయువంతటిది. కోర్టులో నాలుగు భాషలు నడిచాయి: ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్. ప్రతి మాటనూ వంతులవారీగా మిగతా మూడు భాషల్లో చెప్పుకుంటూ పోతే విచారణ ఏళ్లకేళ్లు సాగేది. కల్నల్ లియోన్ డోస్టర్ట్ ఆధ్వర్యంలో 12 మంది చొప్పున 3 బృందాలు సిద్ధమయ్యాయి. పరికరాలు ఐబీఎం సమకూర్చింది. వక్త వేగం పెంచితే పసుపు దీపం వెలిగేది, ఆగమనడానికి ఎర్ర దీపం. సుమారు గంటన్నర పనిచేసిన బృందం లేస్తే మరో బృందం కూర్చునేది, మూడో బృందానికి ఆ రోజు విశ్రాంతి.

ఆ బృందాలకు మనుషులను ఎంచుకునేటప్పుడు బయటపడిన సంగతి విద్యార్థులకు ముఖ్యం. రెండు భాషల్లోనూ పాండిత్యం ఉన్నవారు ఎంతోమంది మైకు ముందు నిలవలేకపోయారు. నిలిచినవారికి కూడా కోర్టు భవనం పైఅంతస్తులో ఉత్తుత్తి విచారణలు నడిపి తర్ఫీదు ఇచ్చారు. భాషలు రావడం ఈ పనికి ప్రవేశార్హత మాత్రమేనని, అసలు పనికి మరో నేర్పు కావాలని అక్కడే తేలింది.

ఆ నేర్పును కొలిచే ప్రయత్నం 1960లలో ఊపందుకుంది. ఫ్రాన్సులో పియర్ ఒలెరాన్, ఉబేర్ నాన్‌పాన్ వక్త మాటకూ అనువాదకుల మాటకూ మధ్య ఉన్న ఎడాన్ని కొలిచి 1965లో ప్రచురించారు. అది రెండు నుంచి పది సెకన్ల దాకా మారుతూ వచ్చింది. ఆ కొద్ది సెకన్లలో ఇంటర్‌ప్రెటర్ ఒక వాక్యాన్ని చెబుతూ, తర్వాతి వాక్యాన్ని వింటూ, మధ్యలో ఉన్నదాన్ని మనసులో మోస్తూ ఉంటారు. ఎడం తగ్గితే జ్ఞాపకం మీద బరువు తగ్గుతుంది, కానీ భావం తేటపడకముందే నోరు తెరవాల్సి వస్తుంది. ఎడం పెరిగితే భావం తేటపడుతుంది, మోయాల్సిన బరువు పెరుగుతుంది. ఎంత వెనక నడవాలన్న నిర్ణయం ప్రతి వాక్యానికీ కొత్తగా తీసుకోవాల్సిందే.

వక్త ఊపిరి తీసుకునే విరామాల్లోనే అనువాదం చెప్పేస్తారేమోనని తొలినాళ్లలో ఒక ఊహ ఉండేది. ఆ విరామాలు పని పూర్తి చేయడానికి చాలవని, వినడం, మాట్లాడటం నిజంగానే ఒకదాని మీద ఒకటి సాగుతాయని బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ గెర్వర్ ప్రయోగాలు చూపాయి. వేగం ఎంతవరకు భరించదగినదో కూడా ఆయన 1969లో పరీక్షించారు. నిమిషానికి సుమారు 95 నుంచి 120 పదాల వేగం దాటాక అనువాదం వెనకబడటం, వదిలేసిన భాగాలు పెరగడం ఆయన గమనించారు.

విద్యార్థి తడబాటుకు అసలు కారణం తెలియాలంటే వర్కింగ్ మెమరీ గురించి తెలుసుకోవాలి. కాసేపు నిలుపుకుంటూనే దానితో పని కూడా చేసుకునే జ్ఞాపకం ఇది. అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ 1974లో దీని నమూనాను ప్రతిపాదించారు. అందులో ఒక భాగం శబ్దాన్ని పట్టి ఉంచుతుంది. ఎవరైనా ఫోన్ నంబరు చెబితే రాసుకునేదాకా లోలోపల వల్లె వేసుకుంటాం కదా, ఆ వల్లెవేతే దానికి ఊపిరి. కానీ నోటితో వేరే మాట పలుకుతూ ఉంటే ఆ వల్లెవేత సాగదని బాడ్లీ ప్రయోగాలు నిరూపించాయి. ఇంటర్‌ప్రెటర్ నోరు ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. కాబట్టి విన్న శబ్దాన్ని నిలుపుకునే దారి దాదాపు మూసుకుపోతుంది. మిగిలేది భావాన్ని నిలుపుకునే దారి ఒక్కటే.

కాగితం మీద అనువదించే విద్యార్థికి మూలం కళ్ల ముందే ఉంటుంది. మరచిపోతే మళ్లీ చూసుకోవచ్చు. ఆ అలవాటుతోనే ఇంటర్‌ప్రెటర్ కూర్చునే బూత్‌లోకి వెళ్లిన విద్యార్థి పదాలను పట్టుకోవాలని చూస్తారు. పదాలు నిలవవు, భావం కోసం వెతికే తీరిక దొరకదు. గెర్వర్ 1974లో చూపిన మరో ఫలితం ఇక్కడ గుర్తుంచుకోదగినది. ఊరికే విన్నప్పుడు ప్రసంగం అన్నిటికంటే బాగా గుర్తుంది. విన్నదాన్ని అదే భాషలో చిలకలా తిరిగి పలికినప్పటి కంటే అనువదించినప్పుడు ఎక్కువ గుర్తుంది. అనువదించడం చిలకపలుకు కంటే కష్టమైన పనే అయినా, భావం మీదుగా నడవక తప్పదు కాబట్టి ఎక్కువ నిలుస్తుంది. పారిస్‌లో డానికా సెలెస్కోవిచ్ తన శిష్యులకు పదాలను వదిలి భావాన్ని పట్టుకోమని పట్టుబట్టి నేర్పింది కూడా ఇందుకే.

పారిస్‌లోనే పనిచేసిన డానియెల్ గీల్ ఈ శ్రమను విద్యార్థులకు అర్థమయ్యేలా నాలుగు భాగాలు చేశారు: విని గ్రహించడం, గుర్తుంచుకోవడం, పలకడం, ఈ మూడింటినీ సమన్వయం చేసుకోవడం. మొత్తం శక్తి ఒకటే. ఒకచోట ఎక్కువ ఖర్చయితే మరోచోట కోత పడుతుంది. అనుభవజ్ఞులు కూడా తమ శక్తి హద్దుకు చాలా దగ్గరగానే పనిచేస్తుంటారని ఆయన అంటారు. తప్పు ఎక్కడ దొర్లిందో వెతికే అధ్యాపకుడికి ఈ నమూనా చేసే మేలు పెద్దది. విద్యార్థి ఒక తేలికైన వాక్యాన్ని వదిలేస్తే ఆ వాక్యం రాలేదని కాదు. దాని ముందు వచ్చిన ఒక పెద్ద అంకెనో, పొడవాటి సంస్థ పేరునో మోస్తున్నందువల్ల దానికి చోటు దొరకలేదు. తప్పు కనిపించేది ఒకచోట, పుట్టేది మరోచోట.

తెలుగు సాహిత్యంలో ధ్యాసను పంచే విద్య ఒకటి ఉంది. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడు నిషిద్ధాక్షరితో, మరొకరు సమస్యతో, ఇంకొకరు దత్తపదితో అవధానిని నిలదీస్తారు. అప్రస్తుత ప్రసంగం మధ్యమధ్య అడ్డు తగులుతుంది. తిరుపతి వేంకట కవులు ఈ విద్యను ఊరూరా సభలకెక్కించారు. అవధానికీ ఇంటర్‌ప్రెటర్‌కూ పోలిక పైకి కనిపిస్తుంది, కానీ తేడాయే ఎక్కువ నేర్పుతుంది. అవధాని ఒక్కో ఆవృత్తిలో చెప్పిన పాదాలను దాచుకుని చివర ధారణలో పూర్తి పద్యాలుగా అప్పజెప్పాలి. ఇంటర్‌ప్రెటర్‌కు ధారణ లేదు. పలికిన వాక్యాన్ని పలికిన వెంటనే విడిచిపెట్టాలి, విడవకపోతే తర్వాతి వాక్యానికి చోటుండదు. వాదన ఎటు పోతోందన్న ఎరుక మాత్రం చివరిదాకా నిలవాలి. ఒకరిది దాచుకునే సాధన, మరొకరిది దారం మాత్రం ఉంచుకుని మిగతాది విడిచే సాధన. అవధానం ఏళ్ల సాధనతో వస్తుందని తెలుగువారందరూ ఒప్పుకుంటారు. ఇంటర్‌ప్రెటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుట్టుకను వెతకడం న్యాయం కాదు.

తెలుగు వాక్యం ఈ విద్యకు తనదైన పరీక్ష పెడుతుంది. చట్టసభలో ఒక సభ్యుడు ఇలా అన్నారనుకుందాం: “నిర్వాసితులకు ఇవ్వాల్సిన పరిహారాన్ని గత ఆర్థిక సంవత్సరంలోనే పూర్తిగా చెల్లించామని మంత్రిగారు చెప్పిన మాటతో మేము ఏకీభవించడం లేదు.” చివరి రెండు పదాలు వచ్చేదాకా ఆయన ఒప్పుకుంటున్నారో కాదంటున్నారో తెలియదు. ఇంగ్లీషులోకి చెప్పేవారికి ఆ సంగతి మొదట్లోనే కావాలి. అప్పుడు మూడు దారులున్నాయి. మొత్తం విని అప్పుడు మొదలుపెట్టడం మొదటిది. దానికి జ్ఞాపకం మీద భారం ఎక్కువ. పరిహారం చెల్లించామని మంత్రి అన్నారంటూ ఎటూ మొగ్గని చిన్న వాక్యంతో మొదలుపెట్టి, చివర్లో సభ్యుడి వైఖరిని కలపడం రెండోది. లేచి మాట్లాడుతున్నది ప్రతిపక్ష సభ్యుడని, అంతకుముందు ఏ ప్రశ్న నడిచిందో ఎరిగి ఉండటం వల్ల ముగింపును ముందే పసిగట్టడం మూడోది. రష్యన్ పరిశోధకుడు గెల్లీ చెర్నోవ్ తన సిద్ధాంతాన్ని ఈ పసిగట్టడం చుట్టూనే అల్లారు. తర్వాత ఏం రావచ్చో మనసు ఎప్పటికప్పుడు అంచనా వేస్తూ, విన్నదానితో సరిచూసుకుంటూ పోతుందని ఆయన ప్రతిపాదన. ఈ అంచనా గాలిలోంచి రాదు. విషయం చదివి వెళ్లినవారికే వస్తుంది.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు చిక్కు తిరగబడుతుంది. ఇంగ్లీషులో పేరు ముందు వచ్చి దాని వివరణ వెనక సాగుతుంది. తెలుగు ఆ వివరణనంతా పేరుకు ముందు పెట్టమంటుంది. లిఖితానువాదంలో ఆరితేరిన విద్యార్థి “చేసిన, ఇచ్చిన, నియమించిన” అంటూ విశేషణాల గొలుసు కట్టబోయి మధ్యలో చిక్కుకుంటారు. బూత్‌లో ఆ గొలుసును తెంచాలి. ఒక పొడవాటి వాక్యం మూడు చిన్న వాక్యాలు కావాలి. ఇంగ్లీషు వక్త తమ పక్షం తరఫున మాట్లాడుతున్నారా, సభనంతటినీ కలుపుకుంటున్నారా అన్నది కూడా అప్పటికప్పుడే తేల్చుకోవాలి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట సరిపోతుంది, తెలుగులో “మేము” వేరు, “మనం” వేరు. కాగితం మీద ఇది ఒక నిమిషం ఆలోచనతో తేలే విషయం. బూత్‌లో ఆ నిమిషం లేదు.

అంకెల సంగతి వేరే చెప్పాలి. మిగతా మాటల్లో ముందువెనకల సందర్భం కొంత ఆదుకుంటుంది. అంకెను ఊహించడానికి సందర్భం సాయపడదు, విన్నది విన్నట్టే మోయాలి. అమరావతి నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు 2024 డిసెంబరులో 800 మిలియన్ డాలర్ల రుణం ఆమోదించింది. ఈ వార్తను ఇంగ్లీషులో వింటూ తెలుగులో చెప్పేవారు “80 కోట్ల డాలర్లు” అనాలి. కొలమానం మార్చడమనే చిన్న లెక్క వినడాన్ని, పలకడాన్ని ఒకేసారి దెబ్బతీస్తుంది. అందుకే బూత్‌లో కలిసి పనిచేసే అనుభవజ్ఞుల జంటల్లో పక్కన కూర్చున్నవారు అంకెలు, పేర్లు రాసి ముందుకు జరుపుతారు. ఇది మర్యాద కోసం చేసే సాయం కాదు, శ్రమ విభజన. దీన్ని కూడా తరగతిలోనే నేర్పాలి.

ఇక శిక్షణ మనసును మారుస్తుందా? ఇటలీలో లారా బాబ్‌కాక్, ఆంటోనినో వల్లేసీ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా విద్యార్థుల మీదే సాగింది. ఏకకాల అనువాదం నేర్చుకుంటున్నవారిని, లిఖితానువాదం నేర్చుకుంటున్నవారిని, భాషలతో సంబంధం లేని చదువులవారిని శిక్షణకు ముందూ తర్వాతా పరీక్షించి పోల్చారు. ఏకకాల అనువాద విద్యార్థుల్లో మాటలను కొద్దిసేపు నిలుపుకునే జ్ఞాపకం శిక్షణతో మెరుగుపడింది.

కొందరు దీన్ని చూసి జ్ఞాపకమే సర్వస్వమని పొరబడవచ్చు. మింహ్వా లియు, సహ పరిశోధకులు 2004లో వృత్తి ఇంటర్‌ప్రెటర్లను, విద్యార్థులను పోల్చినప్పుడు వర్కింగ్ మెమరీ పరీక్షలో రెండు వర్గాలకూ పెద్ద తేడా రాలేదు. అనువాదంలో మాత్రం అనుభవజ్ఞులు స్పష్టంగా ముందున్నారు. ముఖ్యమైన భావాన్ని ఏరుకుని, అంత ముఖ్యం కానిదాన్ని విడిచే చోట వారి నేర్పు కనిపించింది. ఫ్రాన్సులో బార్బరా కోప్కే, జాన్-లుక్ నెస్పూలూ 2006లో చూసినప్పుడు కొన్ని జ్ఞాపక పరీక్షల్లో కొత్తవారే అనుభవజ్ఞులను మించారు. అదే ఏడు ఇంగ్రిడ్ క్రిస్టాఫెల్స్ బృందం ఇంటర్‌ప్రెటర్లను ఇంగ్లీషు ఉపాధ్యాయులతో పోల్చింది. విడి పదాలను అనువదించే వేగంలో ఇద్దరూ సమానమే, జ్ఞాపక పరీక్షల్లో ఇంటర్‌ప్రెటర్లదే పైచేయి. ఈ ఫలితాలు ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగవు. అయినా ఒక మాట వాటన్నిటి నుంచీ తీసుకోవచ్చు: జ్ఞాపకం పెద్దదైతే పని దానంతట అది రాదు. ఉన్న జ్ఞాపకాన్ని దేనికి ఖర్చుపెట్టాలో తెలిసినప్పుడే వస్తుంది.

జెనీవా విశ్వవిద్యాలయంలో అలెక్సిస్ హెర్వేస్-ఏడెల్‌మన్, బార్బరా మోజర్-మెర్సర్, నర్లీ గొలెస్తానీ 2015లో ప్రచురించిన అధ్యయనం మెదడులోకే తొంగిచూసింది. శిక్షణకు ముందూ తర్వాతా విద్యార్థులు అనువదిస్తున్నప్పుడు స్కాన్ తీశారు. ఏ భాష పైకి రావాలో ఏది అణగాలో నియంత్రించడంలో పాలుపంచుకునే కాడేట్ కేంద్రకం పని శిక్షణ తర్వాత తగ్గింది. అదే పనికి అంత ప్రయాస అవసరం లేకుండా పోయిందన్నమాట. తొలి సెమిస్టరులో గంట ముగిసేసరికి తల దిమ్మెక్కిపోయే విద్యార్థికి ఇంతకంటే ధైర్యం చెప్పే ఫలితం లేదు.

అలసట విషయంలో మాత్రం అనుభవజ్ఞులకు కూడా మినహాయింపు లేదు. మోజర్-మెర్సర్, సహచరులు 1998లో ఇంటర్‌ప్రెటర్లను అరగంట దాటాక కూడా కొనసాగించమన్నారు. తప్పులు పెరిగాయి, కానీ తమ నాణ్యత పడిపోతున్నదని వారికే సరిగా తెలియలేదు. అలసిన మనసు మొదట పోగొట్టుకునేది తనను తాను గమనించుకునే శక్తినే. ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లు సుమారు అరగంటకోసారి వంతులు మార్చుకునే పద్ధతికి ఇది బలమైన సమర్థన. ఖర్చు తగ్గించడానికి సభ మొత్తానికి ఒక్కరినే కూర్చోబెట్టే నిర్వాహకులకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఈ దేశంలో ఏకకాల అనువాదం అవసరం ఎంత పెరుగుతున్నదో పార్లమెంటులోనే కనిపిస్తుంది. లోక్‌సభలో హిందీ, ఇంగ్లీషుల మధ్య ఏకకాల అనువాదం 1964లో మొదలైంది. 2018 జులైలో రాజ్యసభ అధ్యక్షుడిగా ఎం. వెంకయ్యనాయుడు సభ్యులు ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా మాట్లాడే ఏర్పాటు తెచ్చారు. 2025లో లోక్‌సభ కూడా తన అనువాద సేవలను మరిన్ని భాషలకు విస్తరించింది. తెలుగులో మాట్లాడే సభ్యుడి మాట సభ మొత్తానికి చేరాలంటే బూత్‌లో తెలుగు వినే చెవి ఒకటి సిద్ధంగా ఉండాలి. ఆ చెవిని తయారుచేయాల్సినవి తెలుగు నేల మీది విశ్వవిద్యాలయాలు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువాద అధ్యయనాలు ఉన్నాయి, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో విదేశీ భాషల బోధన ఉంది. పునాది ఉంది, దాని మీద కట్టాలి.

ఎలా కట్టాలి? మొదటి సెమిస్టరులో బూత్ అవసరమే లేదు. ఐదు నిమిషాల ప్రసంగం విని, నోట్స్ లేకుండా దాని వాదనను సొంత మాటల్లో చెప్పించాలి. ఆ తర్వాత నోట్స్‌తో వంతుల అనువాదం. రెండో దశలో రాసిన పాఠాన్ని చూస్తూ నోటితో అనువదించడం, వాక్యం మధ్యలో ఆపి ముగింపును ఊహింపజేయడం, పొడవాటి వాక్యాలను ముక్కలు చేయించడం. అంకెలకు, పేర్లకు విడిగా అభ్యాసాలు ఉండాలి. మూడో దశలోనే హెడ్‌ఫోన్. అది కూడా మొదట విద్యార్థికి బాగా తెలిసిన విషయం మీద, నిదానంగా సాగే ప్రసంగంతో. సామగ్రికి కొరత లేదు. రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభల చర్చల రికార్డింగులు దొరుకుతాయి. మార్కులు వేసేటప్పుడు పోయిన పదాలను లెక్కపెట్టడం మాని, వాదన చేరిందా, ఔను కాదులు తారుమారయ్యాయా, అంకెలు నిలిచాయా అని చూడాలి. ప్రతి అభ్యాసం తర్వాత విద్యార్థి తన రికార్డింగును తానే విని, తప్పు పుట్టిన చోటును వెతకాలి. అలసటలో జారిపోయే స్వీయ పరిశీలనను నిలబెట్టే అలవాటు అక్కడే పడుతుంది.

ఈ చదువును పార్లమెంటు ఉద్యోగానికి మాత్రమే పరిమితం చేయకూడదు. ఆదిలాబాద్ జిల్లాలో గోండి మాట్లాడే రోగి, ఖమ్మం, భద్రాచలం వైపు కోయ మాట్లాడే కక్షిదారు, హైదరాబాద్ ఆసుపత్రుల్లో ఉర్దూ తప్ప మరో భాష రాని తల్లి, వీరందరికీ దుబాసీ అవసరం. అక్కడ బూత్ ఉండదు. పక్కన కూర్చుని చెవిలో మెల్లగా చెప్పే పద్ధతి ఉంటుంది. దానికీ కావలసింది ఇదే ధ్యాస, ఇదే ఎంపిక, ఇదే సమన్వయం. తెలుగు–ఇంగ్లీషు, తెలుగు–హిందీ జంటలతో పాటు తెలుగు–ఉర్దూ, తెలుగు–గోండి, తెలుగు–కోయ జంటలకు ఆ భాషలు ఇంట్లో మాట్లాడే విద్యార్థులను వెతికి చేర్చుకోవడం వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త భవనాలు అక్కర్లేదు, ప్రవేశ ప్రకటనలో నాలుగు వాక్యాలు, వారానికి కొన్ని తరగతి గంటలు చాలు.